పెద్దప్రేగు రాచపుండు – ముందుపరీక్షలలో దేనిని ఎన్నుకొనవలయును?

సహకార సంఘముయొక్క లెక్కలు ప్రతి సంవత్సరమును తనిఖీ యగుట మన సభ్యులందరును ఎఱిగినదే. సొమ్ము పోయినదను అనుమానము కలిగిన పిమ్మట జరుగునది విచారణ. ఏ అనుమానమును లేనప్పుడు జరుగునది తనిఖీ. ఈ రెంటికిని గొప్ప భేదము కలదు. దేహవిషయమునను ఇట్లే తలంపవలయును. బాధ కనిపించిన పిమ్మట వైద్యుడు చేయునది రోగనిర్ణయము. బాధ యేమియు లేనివానికి చేయునది ముందుపరీక్ష. పెద్దప్రేగునకు వచ్చు రాచపుండు, అనగా క్యాన్సరు, ముందుపరీక్షవలన మిక్కిలి మేలు పొందదగిన రోగములలో ఒకటి. ఆ పరీక్షలు పలువిధములుగా నున్నవి. వానిలో తనకు తగినదానిని రైతు ఎట్లు ఎన్నుకొనవలయునో తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

రోగము పుట్టు విధము

పెద్దప్రేగు సుమారు ఐదడుగుల పొడవుగల గొట్టము. చిన్నప్రేగునుండి వచ్చిన ద్రవములోని నీటిని ఇది పీల్చుకొని, మిగిలినదానిని మలముగా గుదద్వారమువైపు త్రోయును. వయస్సు గడచినకొలది ఈ ప్రేగు లోపలి పొరమీద చిన్న చిన్న బుడిపెలు పుట్టుట కలదు. వీనిలో పెక్కు బుడిపెలు ఏ హానియు చేయవు. కొన్ని మాత్రము మెల్లమెల్లగా పెరిగి, సామాన్యముగా పదియేండ్లో అంతకెక్కువయో గడచిన మీదట రాచపుండుగా మారును.

మాగాణి రైతునకు దీనిని బోధించుట కష్టము కాదు. మడిగట్టున ఎండ్రకాయ చేసిన బొరియను చూచిన దినముననే పిడికెడు మన్నుతో మూయవచ్చును. చూడక విడిచినచో అదియే గండియై చేను నీరెల్ల పోవును. క్యాన్సరు అను మాటకు లాటిను భాషలో ఎండ్రకాయ యనియే అర్థము. ప్రేగులోని బుడిపె బొరియవంటిది, రాచపుండు గండివంటిది. బొరియ గండియగుటకు పదియేండ్ల గడువున్నది. ఆ గడువునందు దానిని కనిపెట్టి తీసివేసినచో రోగము రానేరాదు. అందుచేతనే ఈ ముందుపరీక్ష రోగమును తొలిదశలో పట్టుటయేగాక, కొందరిలో రోగమును పుట్టకుండ చేయుటకును ఉపకరించుచున్నది.

2022లో ప్రపంచమునందు సుమారు 19 లక్షలమందికి ఈ రోగము క్రొత్తగా కలిగినట్లును, సుమారు 9 లక్షలమంది దీనివలన మరణించినట్లును అంచనా వేయబడినది. మన దేశమున పాశ్చాత్య దేశములకంటె ఈ రోగము తక్కువయే. కాని తక్కువ యనగా లేదని అర్థము కాదు. పైగా మనవారు వైద్యునియొద్దకు ఆలస్యముగా పోవుదురు. అమెరికా దేశపు లెక్కలనుబట్టి చూచినచో, రోగము ప్రేగుగోడ దాటకమునుపు పట్టుబడినవారిలో నూటికి 90మంది వఱకు ఐదేండ్ల పిమ్మటను జీవించియున్నారు. దూరపు అవయవములకు వ్యాపించిన పిమ్మట పట్టుబడినవారిలో ఆ సంఖ్య నూటికి సుమారు 15 మాత్రమే యున్నది. రోగమొక్కటే, భేదమెల్ల కనిపెట్టిన కాలమునందున్నది.

మొలలని ఊరకుండరాదు

మన గ్రామములందు మలముతో రక్తము పడినచో మొలలని తలంచి ఊరకుండుట ఆచారముగా నున్నది. మొలలవలనను రక్తము పడునన్నది నిజమే. కాని మొలలున్నవానికి రాచపుండు రాదని యెవరును చెప్పజాలరు. ప్రేగును పరీక్షింపకయే సూదిమందు పొడిచియో, దారము కట్టియో, మందుపొట్లము లిచ్చియో పంపువారిని నమ్మి నెలలు గడపినవారు, తుదకు పెద్దాసుపత్రికి పోవునప్పటికి రోగము ముదిరియుండును.

ఈ క్రింది లక్షణములు కనబడినచో ఆలస్యము చేయరాదు:

1. మలములో రక్తము, ఎఱ్ఱగా గాని నల్లగా గాని, పడుట.
2. ఎన్నడును లేని మలబద్ధముగాని విరేచనములుగాని కొన్ని వారములు వదలకుండుట, మలము సన్నగిల్లుట.
3. బహిర్భూమికి పోయి వచ్చినను ఇంకను మిగిలియున్నట్లు తోచుట.
4. విడువని కడుపునొప్పి, కారణము తెలియని బరువు తగ్గుదల.
5. రక్తహీనత. ముఖ్యముగా పురుషులకును, ముట్లుడిగిన స్త్రీలకును ఇనుము తక్కువైన రక్తహీనత కలిగినచో దాని మూలము వెదకవలయును. ప్రేగునకు కుడివైపున పుట్టిన రాచపుండునుండి కంటికి కనబడకుండ కొంచెము కొంచెముగా రక్తము పోవుచుండును. మనిషి పాలిపోవును, గట్టు నడచిన ఆయాసపడును. బలపుమందులు మాత్రము మ్రింగుచు కూర్చుండుట తగదు.

ఈ లక్షణములు గలవారికి ఈ వ్యాసములో ముందు చెప్పబోవు ఎన్నిక లేదు. వారు చేయించుకొనవలసినది తనిఖీ కాదు, విచారణ. వారు నేరుగా వైద్యుని కలిసికొని ఆయన చెప్పిన పరీక్షకు పోవలయును. మలపరీక్షలో రక్తము లేదని తేలినంతమాత్రమున లక్షణములను లెక్కచేయక విడువరాదు.

ఎవరికి, ఏ వయస్సున?

అమెరికాయందలి క్యాన్సరు సంఘము 2018లోను, అచ్చటి ముందుపరీక్షల నిర్ణాయక మండలి 2021లోను, ఈ పరీక్షలు 45వ యేట మొదలిడవలయునని చెప్పినవి. అంతకుముందు 50వ యేట మొదలిడుట వాడుకగా నుండెను. చిన్నవయస్సువారిలో రోగము హెచ్చగుచుండుటచే గడువును ముందునకు జరిపిరి. 75 ఏండ్లవఱకు పరీక్షలు సాగింపవలయును. ఆపైన దేహస్థితినిబట్టి వైద్యుడు నిర్ణయించును. జపాను దేశము 1992నుండి మలపరీక్షను దేశమంతటను జరుపుచున్నది.

మన దేశమున ప్రభుత్వమువారు 30 ఏండ్లు దాటినవారికి జరుపు ముందుపరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయముఖము అను మూడు స్థానముల క్యాన్సరులకు ఉద్దేశింపబడినవి. పెద్దప్రేగు వానిలో చేరలేదు. కావున మన యింటికి వచ్చి పిలుచువారు లేరు. 45 ఏండ్లు నిండిన సభ్యుడు తానే వైద్యుని అడుగవలయును.

కొందరు అంతకంటె ముందుగానే మొదలిడవలయును. తల్లికిగాని, తండ్రికిగాని, తోబుట్టువునకుగాని, బిడ్డకుగాని ఈ రోగము వచ్చియున్నచో, 40వ యేటగాని, ఆ బంధువునకు రోగము తేలిన వయస్సునకు పదియేండ్లు ముందుగాగాని, ఈ రెంటిలో ఏది ముందు వచ్చునో అప్పుడు మొదలిడవలయును. అన్నకు 45వ యేట రోగము బయటపడినచో తమ్ముడు 35వ యేటనే పరీక్ష చేయించుకొనవలయునని భావము. చిరకాలముగా ప్రేగుపూతగలవారికిని, వంశములో పలువురకు ఈ రోగము వచ్చినవారికిని వైద్యుడు వేఱు నియమము చెప్పును.

ఇచ్చట ఒక చిక్కు కలదు. మనవారు ఈ రోగము పేరును దాచుదురు. "కడుపులో గడ్డ" అనియో "ప్రేగుపూత" అనియో చెప్పి ఊరకుందురు. అందుచే తోబుట్టువులకు తమ అపాయము తెలియదు. రైతుకుటుంబమున పుట్టి సినీరంగమున సుప్రసిద్ధులైన అక్కినేని నాగేశ్వరరావుగారు 2013 అక్టోబరులో పత్రికలవారిని పిలిచి, తమకు కడుపులో క్యాన్సరు కలిగినదని స్వయముగా వెల్లడించిరి. అప్పటికి వారి వయస్సు 90 ఏండ్లు. 2014 జనవరి 22న వారు కాలధర్మము నొందిరి. అంతటివారు దాచని దానిని మనము మన తమ్ములయొద్దను చెల్లెండ్రయొద్దను దాచుట న్యాయము కాదు.

పరీక్షల వివరము

మొదటిది మలపరీక్ష. కంటికి కనబడని రక్తమును మలమునందు పట్టుటకు దీనిని చేయుదురు. ఇందులో రెండు రకములు కలవు. పాతరకము పరీక్షకు ముందు మాంసాహారము మొదలగువానిని కొన్ని దినములు మానవలసియుండును. క్రొత్తరకమును ఫిట్ పరీక్ష యందురు. ఇది మనుష్యరక్తమును మాత్రమే పట్టును గనుక పథ్యముతో పనిలేదు. ఒక్క నమూనా చాలును. ప్రయోగశాలకు పోయినప్పుడు "మలములో రక్తపరీక్ష" అని మాత్రమే అనక, ఫిట్ పరీక్ష కలదా యని అడుగవలయును. దీనిని ప్రతి సంవత్సరమును చేయించుకొనవలయును. ఒక్కసారి చేసిన ఫిట్ పరీక్ష నూఱు రాచపుండ్లలో సుమారు 75ను పట్టును. బుడిపెలలో మాత్రము పెక్కింటిని విడిచివేయును. అందుచేతనే యేటేట చేయుట. ఒక సంవత్సరము తప్పించుకొనినది మఱుసటి సంవత్సరము పట్టుబడును.

రెండవది కొలనోస్కోపీ. కొనయందు దీపమును కెమెరాయును గల సన్నని వంగెడి గొట్టమును గుదద్వారమున ప్రవేశపెట్టి, ప్రేగునంతయు లోపలినుండి చూచుట. బుడిపె కనబడినచో అప్పుడే తీసివేయవచ్చును. ఇట్లు గొట్టముద్వారా బుడిపెను తీయుట 1969లో న్యూయార్కునందు వోల్ఫ్, షిన్యా అను వైద్యులు ఆరంభించిరి. అంతకుముందు దానికై కడుపు కోయవలసియుండెను. ఏమియు కనబడనిచో మరల పదియేండ్లవఱకు ఈ పరీక్ష అక్కఱలేదు. దీనియందలి కష్టములు మూడు: ముందుదినమున ప్రేగును శుభ్రపఱచుకొనవలయును, వ్యయము హెచ్చు, స్వల్పమైన అపాయము కలదు. పదివేలమందికి చేసినచో సుమారు ముగ్గురికి ప్రేగునకు రంధ్రము పడుటయు, సుమారు 15మందికి ఎక్కువ రక్తస్రావమగుటయు సంభవించునని లెక్క.

ఇవిగాక ప్రేగులో క్రింది భాగమును మాత్రము చూచు సిగ్మాయిడోస్కోపీ, యంత్రముతో కడుపును ఛాయాచిత్రములు తీయు సి.టి. పరీక్ష, మలములోని కణధర్మమును పరిశీలించు డి.ఎన్.ఎ. పరీక్ష కలవు. 2024లో అమెరికాయందు ఒక రక్తపరీక్షకును అనుమతి ఇయ్యబడినది. కాని అది బుడిపెలను పట్టుటలో మిక్కిలి బలహీనము. వీనిలో దేనియందు దోషము కనబడినను తుదకు కొలనోస్కోపీయే చేయవలయును. మన ప్రాంతపు సామాన్య రైతు ఎన్నుకొనవలసినది మొదటి రెంటిలో ఒకదానిని.

ఏది మంచిది?

కొలనోస్కోపీ నిశితమైనది గనుక అదియే అందరకు మంచిదని పలువురు తలంతురు. 2022లో ప్రకటింపబడిన యొక గొప్ప పరిశోధన మఱియొక సంగతి తెలిపినది. పోలండు, నార్వే, స్వీడను దేశములందు కొలనోస్కోపీకి పిలువబడినవారిలో నూటికి 42మంది మాత్రమే వచ్చిరి. వచ్చినవారిని రానివారిని కలిపి లెక్కింపగా, పదియేండ్లలో రోగము నూటికి 18 వంతులు మాత్రమే తగ్గినది. 2025లో ప్రకటింపబడిన స్పెయిను దేశపు పరిశోధనయందు, ఒకసారి కొలనోస్కోపీకి పిలువబడినవారికిని, రెండేండ్లకొకసారి ఫిట్ పరీక్షకు పిలువబడినవారికిని పదియేండ్లలో ఈ రోగముచే కలిగిన మరణములు ఇంచుమించు సమానముగా నుండెను. ఏలయన మలపరీక్షకు ఎక్కువమంది ముందునకు వచ్చిరి. గాదెలోని విత్తనము ఎంత మేలైనదైనను చల్లక పంట రాదు. కావున చేయించుకొన్న పరీక్షయే మంచి పరీక్ష.

దీనినిబట్టి ఈ విధముగా నిర్ణయించుకొనవచ్చును:

కుటుంబమునందు రోగమున్నవారు మలపరీక్షతో సరిపుచ్చుకొనరాదు. వారికి కొలనోస్కోపీయే తగినది. సామాన్యముగా ఐదేండ్లకొకసారి చేయించుకొనవలయును.

వంశదోషము లేక, లక్షణములు లేక, ప్రతి సంవత్సరము తప్పక జ్ఞాపకముంచుకొని చేయించుకొనగలవారికి ఫిట్ పరీక్ష చాలును. దీనికగు ఖర్చు కొలనోస్కోపీ ఖర్చులో చిన్నభాగము, పని చెడదు.

ఏటేట జ్ఞాపకముంచుకొనుట తమవలన కాదని తెలిసినవారును, ఒక్కసారి కష్టపడి పదియేండ్లు నిశ్చింతగా నుండగోరువారును, ఖర్చు భరింపగలవారును కొలనోస్కోపీని ఎన్నుకొనవచ్చును.

గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు కలవారును, రక్తము పలుచనగుటకు మందులు వాడువారును వైద్యునితో చెప్పి నిర్ణయించుకొనవలయును. వీరిలో పలువురకు మొదట మలపరీక్షయే అనుకూలము.

నమూనా తీయు విధము

ప్రయోగశాలవారు చిన్న సీసాయు దానిలో పుల్లయు ఇత్తురు. మలము నీటిలో పడకముందే కాగితముపైగాని పొడి పాత్రలోగాని పట్టి, పుల్లను పలుచోట్ల గ్రుచ్చి సీసాలో నుంచి మూత బిగింపవలయును. మూత్రము కలియరాదు. స్త్రీలు ముట్టు దినములలోను, మొలలనుండి రక్తము కారుచున్న దినములలో ఎవరును నమూనా తీయరాదు. సీసామీద పేరును తేదీయు వ్రాయవలయును.

మన ప్రాంతపు ఎండలలో మఱియొక జాగ్రత్త వలయును. వేడిమికి రక్తములోని పదార్థము చెడి, ఉన్న రక్తము లేనట్లు తేలవచ్చును. కావున వేసవిలో ప్రాతఃకాలముననే నమూనా తీసి వెంటనే అందజేయవలయును. ఆలస్యమగునెడల మంచుపెట్టెలో గడ్డకట్టని అరయందు ఉంచవలయును. మోటారుసైకిలు సంచిలో మధ్యాహ్నమువఱకు త్రిప్పరాదు. వీలైనచో ఈ పరీక్షను మార్గశిర పుష్యమాసములలో పెట్టుకొనుట మేలు.

కొలనోస్కోపీకి సిద్ధమగుట

రెండు మూడు దినములు ముందుగా గింజలుగల కాయలు, ఆకుకూరలు, పీచుగల పదార్థములు మానవలయును. ముందుదినమున వైద్యుడు చెప్పిన తేలికయైన ఆహారము మాత్రమే తీసికొని, పిమ్మట కొబ్బరినీళ్లు, వడగట్టిన చారుతేట, పాలులేని టీ వంటి తేటద్రవములు త్రాగవచ్చును. ప్రేగును కడుగు మందునీటిని చెప్పిన కొలతప్రకారము పూర్తిగా త్రాగవలయును. సగము త్రాగి విడిచినచో ప్రేగు శుభ్రపడక బుడిపెలు మఱుగుపడును. పరీక్ష మరల చేయవలసివచ్చును. ఇనుము మాత్రలను ఒక వారము ముందుగా మానవలయును. చక్కెరవ్యాధి మందులను, రక్తము పలుచన చేయు మందులను వైద్యుని అడుగక మానరాదు, అడుగక మ్రింగరాదు. మత్తుమందు ఇత్తురు గనుక వెంట ఒకరు పోవలయును. ఆ దినమున బండి నడపుటయు, మోటారు వేయుటకు చేనికి పోవుటయు కూడదు.

దోషము తేలినచో

ఫిట్ పరీక్షలో రక్తము కనబడినదనగా రాచపుండు ఉన్నదని కాదు. అట్టివారిలో పెక్కుమందికి క్యాన్సరు ఉండదు, కొందరికి బుడిపెలుండును, కొందరికి ఏమియు నుండదు. కాని ఏది నిజమో కొలనోస్కోపీ మాత్రమే చెప్పగలదు. కొందరు భయపడి మఱియొకచోట మలపరీక్ష మరల చేయించి, రక్తము లేదని వ్రాసిన కాగితమును పట్టుకొని సంతోషింతురు. ఇది తప్పు. పుండు దినదినమును రక్తము కార్చదు.

మఱికొందరు నాట్లయిన పిమ్మటననియు, కోతలయిన పిమ్మటననియు, మినుము ఇల్లు చేరిన పిమ్మటననియు జరుపుదురు. అమెరికాయందు సుమారు 70 వేలమంది లెక్కలు చూడగా, మలపరీక్షలో దోషము తేలిన పదినెలలకుపైగా జాగు చేసినవారిలో ముదిరిన రాచపుండు హెచ్చుగా కనబడినది. ఒకటి రెండు నెలలలోపల కొలనోస్కోపీ ముగించుకొనుట ఉత్తమము. చేనికి కూలివానిని పెట్టవచ్చును. ప్రేగునకు బదులు మనిషి లేడు.

చేబ్రోలు ప్రాంతమువారికి గుంటూరునందలి ప్రభుత్వ సర్వజనాసుపత్రియు, దానియందలి క్యాన్సరు విభాగమును, మంగళగిరియందలి అఖిలభారత వైద్య విజ్ఞానసంస్థయు అందుబాటులో నున్నవి. క్యాన్సరు చికిత్సకు రాష్ట్రప్రభుత్వపు ఎన్.టి.ఆర్. వైద్యసేవ పథకము సాయపడుచున్నది. ఏ పరీక్షకు ఎంతవఱకు వర్తించునో ఆసుపత్రియందలి ఆ పథకపు సహాయకుని ముందుగా అడిగి తెలిసికొనవలయును, అప్పుచేసి పరుగెత్తనక్కఱలేదు.

నిత్యము చేయదగినవి

చుట్ట, సిగరెట్టు, సారాయి ఈ రోగమునకును తోడ్పడును. స్థూలకాయము, చక్కెరవ్యాధి, కదలక కూర్చుండుట అపాయమును పెంచును. ఒకనాడు నాగలి పట్టినవారు నేడు యంత్రములపై కూర్చుండుచున్నారు గనుక నడక అవసరము. కూరగాయలు, పప్పుధాన్యములు, తక్కువ పాలిషుగల బియ్యము, జొన్నలు మేలు చేయును. నిలువయుంచుటకై ఉప్పువేసియు పొగబెట్టియు తయారుచేసిన మాంసమును క్యాన్సరు కారకముగా ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన పరిశోధనసంస్థ 2015లో ప్రకటించినది. అయినను మంచి తిండి తినువారికి పరీక్ష అక్కఱలేదని యెంచరాదు.

సభ్యులకు మనవి యొకటి. మీ యింటిలో 45 ఏండ్లు నిండినవారి పేర్లు నేడే యొక కాగితముపై వ్రాయుడు. స్త్రీల పేర్లు మఱువవలదు. ఈ రోగము స్త్రీపురుషులిరువురకును వచ్చును, సిగ్గుచే చెప్పనివారు స్త్రీలే ఎక్కువ. ప్రతి పేరునకెదురుగా వంశమున రోగమున్నదా, లక్షణములున్నవా, ఏ పరీక్ష, ఏ నెల అని నాలుగు గడులు నింపుడు. సంఘపు మహాసభ జరుగు నెలను జ్ఞాపకార్థముగా పెట్టుకొన్నచో ఏటేట తప్పిపోదు. పరీక్ష ఫలితముల కాగితములను పట్టాదారు పాసుపుస్తకముతోపాటు భద్రపఱుపుడు. పదియేండ్ల పిమ్మట వైద్యుడు మొదట అడుగునది వానినే.